ఎడారి గడ్డ మీద విహార రైళ్ళు

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో విహారానికి వచ్చేవాళ్ళ కోసం వేసిన రైలు మార్గాల్లో ముఖ్యమైనవి రెండు. రెండూ దుబాయ్‌లోనే ఉన్నాయి. మొదటిది పామ్ జుమైరా మోనోరైలు. సముద్రంలో ఇసుక పోసి ఖర్జూరపు చెట్టు ఆకారంలో కట్టిన దీవి మీద 2009 నుంచి నడుస్తోంది. రెండోది బుర్జ్ ఖలీఫా చుట్టుపక్కల 2015లో మొదలైన దుబాయ్ ట్రాలీ. అది కొన్నేళ్ళు తిరిగి ఆగిపోయింది. మోనోరైలు ఆగలేదు కానీ, కట్టేటప్పుడు ఊహించినంత జనం దానికి రాలేదు. పోనీ దుబాయ్‌కి యాత్రికులు తగ్గారా అంటే అదీ లేదు. 2024లో బయటి దేశాల నుంచి ఆ నగరానికి వచ్చి బస చేసినవాళ్ళు సుమారు 1 కోటి 87 లక్షల మంది. మోనోరైలు మొదలైన ఏడాదితో పోలిస్తే ఇది రెట్టింపు కంటే ఎక్కువ. యాత్రికులు పెరుగుతున్న ఊళ్ళోనే యాత్రికుల రైళ్ళు చిక్కిపోయాయి. అందుకు కారణాలు కొన్ని దుబాయ్‌వి, కొన్ని ప్రపంచమంతటా విహార రైళ్ళను పీడిస్తున్నవి.

పామ్ జుమైరాను నిర్మించింది నఖీల్ సంస్థ. దీవికి మధ్యలో చెట్టు మొదలు లాంటి వెడల్పాటి భాగం, దానికి రెండు వైపులా మట్టల్లా సాగిన వీధులు, వాటి చుట్టూ నెలవంక లాంటి గట్టు ఉంటాయి. ఆ గట్టు నడుమ 1,500కు పైగా గదులున్న అట్లాంటిస్ హోటల్ 2008లో తెరుచుకుంది. ఒడ్డున ఉన్న గేట్‌వే స్టేషన్ నుంచి అట్లాంటిస్ దాకా స్తంభాల మీద 5.45 కిలోమీటర్ల మార్గం వేశారు. పని 2006లో మొదలైంది. జపాన్‌కు చెందిన మరుబెని సంస్థ నాయకత్వంలో నిర్మాణం జరిగింది, బండ్లు హిటాచీ తయారు చేసింది. పదుల కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. 2009 ఏప్రిల్ 30న ప్రజల కోసం తెరిచారు. మధ్యప్రాచ్యంలో అదే మొదటి మోనోరైలు. దుబాయ్ మెట్రో మొదలైంది ఆ తర్వాత నాలుగు నెలలకు, అదే ఏడాది సెప్టెంబరు 9న.

మోనోరైలు పనితీరు కొంచెం దగ్గరగా చూస్తే దాని ఖర్చు సంగతి తెలుస్తుంది. మామూలు రైలు రెండు ఉక్కు పట్టాల మీద నడుస్తుంది. ఇక్కడ ఒకే ఒక కాంక్రీటు దూలం ఉంటుంది. గుర్రం మీద రౌతులా బండి ఆ దూలానికి చెరో పక్కా కాళ్ళు జారవేసి కూర్చుంటుంది. దూలం పైభాగాన బరువు మోసే రబ్బరు టైర్లు దొర్లుతాయి. రెండు పక్కలా మరికొన్ని టైర్లు దూలాన్ని ఒత్తిపట్టి బండి ఒరిగిపోకుండా కాస్తాయి. చప్పుడు తక్కువ, మలుపులు తేలిక, కింద రోడ్డుకు అడ్డు లేదు. నడపడానికి డ్రైవరు అక్కర్లేదు కాబట్టి ముందు అద్దం యాత్రికులదే. రెండు పక్కలా విల్లాలు, వాటి నడుమ నీటిపాయలు, ఎదురుగా అట్లాంటిస్ పెద్ద కమాను కనిపిస్తాయి. చూసేవాళ్ళకు అది నిజంగా కన్నుల పండుగే.

ఇబ్బంది అంతా ఆ దూలంలోనే ఉంది. ఉక్కు పట్టాల మీద బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్ళించాలంటే చిన్న పట్టా ముక్క జరిపితే చాలు. మోనోరైలుకు దూలాన్నే కదిలించాలి. ఊళ్ళో మెట్రో ఉన్నా, ట్రామ్ ఉన్నా వాటి మార్గాలతో ఇది కలవదు. వాటి వర్క్‌షాపు దీనికి పనికిరాదు, వాటి విడిభాగాలు దీనికి సరిపోవు. నాలుగు కొత్త పెట్టెలు కావాలన్నా మొదట తయారు చేసినవాళ్ళ దగ్గరకే వెళ్ళాలి. చిన్న మార్గం కోసం పూర్తి వర్క్‌షాపు, పూర్తి సిగ్నలింగ్, పూర్తి సిబ్బంది ఉండాలి. పెట్టె నిండా జనం ఉన్నా నలుగురే ఉన్నా కరెంటు ఖర్చులో కొంచెం తేడా తప్ప మిగతా ఖర్చంతా ఒకటే. విహార రైళ్ళ లెక్కలన్నిటికీ మూలం ఈ స్థిరమైన ఖర్చే. టికెట్ ఆదాయం ఋతువును బట్టి, సెలవులను బట్టి, విమాన ఛార్జీలను బట్టి పైకీ కిందికీ ఊగుతుంది. ఖర్చు మాత్రం ఊగదు.

మోనోరైలు మొదలయ్యే చోటు కూడా కలిసిరాలేదు. గేట్‌వే స్టేషన్ మెట్రో స్టేషన్‌కు ఆనుకుని లేదు. మొదటి అయిదేళ్ళూ అక్కడికి చేరాలంటే కారులోనో ట్యాక్సీలోనో రావాలి. అప్పటికే కారులో కూర్చున్న కుటుంబం అక్కడ దిగి, టికెట్ కొని, బండి కోసం కాచుకుని అయిదు కిలోమీటర్లు వెళ్ళడం కంటే అదే కారులో ఇంకాస్త ముందుకు పోవడం సులువు. టికెట్ ధర మొదట్లో ఒక వైపుకు 15 దిర్హామ్‌లు, రానూపోనూ 25. నలుగురున్న కుటుంబానికి వంద దిర్హామ్‌లయ్యేది. నలుగురూ కలిసి ఎక్కే ట్యాక్సీ అంతకంటే చౌక. దుబాయ్ మెట్రోలో ఆ రోజుల్లో టికెట్ రెండు దిర్హామ్‌ల లోపు నుంచే మొదలయ్యేది. దీవిలో కాపురముండేవాళ్ళ సంగతి మరొకటి. వాళ్ళ ఇళ్ళు మట్టల్లాంటి వీధుల్లో, మోనోరైలు దారి మధ్య మొదలు మీద. జూలై ఎండలో ఆ దూరం నడిచి స్టేషన్ చేరేవాళ్ళెవరూ ఉండరు. చివరికి ఆ బండి ఎక్కేవాళ్ళు దాన్ని ఒక వింతగా చూడాలని వచ్చినవాళ్ళే అయ్యారు. వింత చూడటానికి ఒకసారి వస్తారు. పదిసార్లు రారు.

తెరిచిన ఏడు నెలలకే పెద్ద దెబ్బ తగిలింది. 2009 నవంబరు 25న నఖీల్ మాతృ సంస్థ దుబాయ్ వరల్డ్, తన అప్పుల చెల్లింపును ఆరు నెలలు వాయిదా వేయమని అప్పులిచ్చినవాళ్ళను కోరింది. ప్రపంచ మార్కెట్లు కంపించాయి. డిసెంబరులో అబుదాబి 1,000 కోట్ల డాలర్లు సర్ది ఆదుకుంది. దీవి నడిబొడ్డున మోనోరైలు దారి పక్కనే ట్రంప్ పేరుతో ఒక ఎత్తయిన హోటల్ కట్టాలని 2005లో ప్రకటించారు. ఆ సంక్షోభంలో పనులు నిలిచిపోయి, తర్వాత ఆ పథకమే రద్దయింది. మధ్య స్టేషన్లకు జనాన్ని ఇవ్వాల్సిన భవనాలే లేకపోవడంతో బండి రెండు చివరల మధ్య ఊరికే తిరగాల్సి వచ్చింది. భూములు అమ్ముకునే సంస్థ తన స్థలం విలువ పెంచుకోవడానికి వేసిన రైలు ఆ భూముల జాతకాన్నే నమ్ముకోవాలి. మోనోరైలు విషయంలో అసలు లోపం ఇదే అనుకోవాలి. టికెట్ ధరో, ట్యాక్సీల పోటీయో దాని తర్వాతివి.

పరిస్థితి కొంచెం మెరుగుపడింది 2014 నవంబరులో. ఆ నెలలో 10.6 కిలోమీటర్ల దుబాయ్ ట్రామ్ మొదలైంది. అది మెట్రో స్టేషన్లతో కలుస్తుంది. పామ్ జుమైరా పేరుతో దానికి ఒక స్టేషన్ ఉంది. అక్కడి నుంచి నడిచి గేట్‌వేకు చేరవచ్చు. అంటే మోనోరైలు మొదటిసారి ఊరి రవాణాతో కలిసింది. అప్పటికీ టికెట్లు వేరే. మెట్రోలో, ట్రామ్‌లో, బస్సులో చెల్లే నోల్ కార్డు ఇక్కడ చెల్లడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 2019లో నఖీల్ మాల్ తెరుచుకుంది. ఒకప్పుడు ట్రంప్ హోటల్ అనుకున్న ప్రాంతమది. దానికి ఆనుకునే మోనోరైలు స్టేషన్ ఉంది. మాల్‌లో పనిచేసేవాళ్ళు, హోటళ్ళలో ఉద్యోగాలు చేసేవాళ్ళు, సాయంత్రం సినిమాకు వచ్చేవాళ్ళు ఎక్కడం మొదలుపెట్టారు. ఇలా కొంచెం కొంచెంగా అది విహార రైలు నుంచి రవాణా రైలు వైపు జరిగింది. అది ఇంకా నడుస్తోందంటే కారణం ఈ మార్పే. అట్లాంటిస్‌కు ఎదురుగా ద పాయింట్ అనే దుకాణ సముదాయం దగ్గర కూడా స్టేషన్ వెలిసింది కానీ, ఆ సముదాయం 2023లో మూతపడింది. వింతల మీద ఆధారపడిన స్టేషన్‌కు వింత పోతే జనం పోతారు.

దుబాయ్ ట్రాలీ కథ ఇంకా చిన్నది. డౌన్‌టౌన్ దుబాయ్‌ను కట్టిన ఎమార్ సంస్థ బుర్జ్ ఖలీఫా, దుబాయ్ మాల్ చుట్టూ ఉన్న మహమ్మద్ బిన్ రషీద్ బూలెవార్డ్ మీద ఒక ట్రామ్ తిప్పాలనుకుంది. పాతకాలపు ముస్తాబు, రెండంతస్తులు, పై అంతస్తుకు కప్పు లేదు. కానీ లోపల యంత్రం మాత్రం అతి కొత్తది. బ్యాటరీలు, వాటికి తోడు హైడ్రోజన్‌తో విద్యుత్తు పుట్టించే ఫ్యూయల్ సెల్. తల మీద కరెంటు తీగ ఉండదు, పొగ ఉండదు. కాలిఫోర్నియాలోని టిగ్ఎమ్ అనే చిన్న సంస్థ వాటిని తయారు చేసింది. మొత్తం 7 కిలోమీటర్ల చుట్టు మార్గం అనుకున్నారు. 2015 ఏప్రిల్‌లో సుమారు ఒక కిలోమీటరుతో మొదలుపెట్టారు. మిగతా ఆరు కిలోమీటర్లు రాలేదు.

కిలోమీటరు దూరానికి రైలు ఎవరికి కావాలి? శీతకాలపు సాయంత్రాల్లో ఆ దూరం నడిచిపోవడమే హాయి. ఎండకాలంలో కప్పు లేని పై అంతస్తు ఎవరూ కోరరు. దుబాయ్ మాల్‌కు మెట్రో నుంచి ఏసీ నడక వంతెన 2012 నుంచే ఉంది. పైగా హైడ్రోజన్ నింపే ఏర్పాటు రెండు మూడు బండ్ల కోసం ప్రత్యేకంగా పెట్టుకోవాలి. ఒకే సంస్థ తయారు చేసే యంత్రాన్ని ఆ సంస్థ మీదే ఆధారపడి బాగు చేయించుకోవాలి. అదే సంస్థ ట్రామ్‌లు అరూబా దీవిలో, దోహాలోని ముషైరిబ్ ప్రాంతంలో కూడా ఉన్నాయి. ప్రపంచమంతటా అలాంటి బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని కావడం వల్ల విడిభాగాల ధర దిగే అవకాశమే లేదు. ఊరి మిగతా రవాణాతో సంబంధం లేని ఒంటరి యంత్రానికి మరమ్మతు ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇలాంటి అనుభవం దుబాయ్‌కే ప్రత్యేకం కాదు. లాస్ వేగాస్‌లో జూదశాలల వెనుక 6 కిలోమీటర్ల పైచిలుకు మోనోరైలు 2004లో మొదలైంది. కట్టడానికి బాండ్లు అమ్మి 65 కోట్ల డాలర్లు సమకూర్చారు. స్టేషన్లు పెద్ద వీధి వైపు కాక భవనాల వెనక పడ్డాయి. మార్గం విమానాశ్రయం దాకా పోలేదు. 2010లో ఆ సంస్థ దివాలా తీసింది. కరోనా ఏడాది 2020లో రెండోసారి దివాలా తీస్తే నగర పర్యాటక సంస్థ సుమారు రెండున్నర కోట్ల డాలర్లకు కొనేసింది. కట్టిన ఖర్చులో అది దాదాపు ఇరవై ఆరో వంతు. ఆస్ట్రేలియాలో సిడ్నీ మోనోరైలు 1988లో మొదలై 2013 జూన్ 30న ఆగింది. ప్రభుత్వం దాన్ని నడిపే సంస్థనే కొని, దూలాలు పడగొట్టించింది. అదే నగరంలో రోజువారీ ప్రయాణికులు ఎక్కే ట్రామ్ మార్గాలు మాత్రం తర్వాత పెరుగుతూ వచ్చాయి.

కొత్త యంత్రాలతో కట్టిన విహార రైళ్ళ పరిస్థితి ఇదైతే, పాత ఆవిరి బండ్లతో నడిచే విహార రైళ్ళ చరిత్ర వేరు. వాటిని బతికించింది రైలు మీద మోజున్న మనుషులు. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతపు టాలిలిన్ రైల్వే పలక రాళ్ళ గని కోసం 1860ల్లో వేసిన చిన్న గేజి మార్గం. యజమాని 1950లో చనిపోయాక అది మూతపడాల్సింది. ఎల్. టి. సి. రోల్ట్ అనే రచయిత మరికొందరితో కలిసి బర్మింగ్‌హామ్‌లో సమావేశం పెట్టి ఒక సంఘం కట్టారు. 1951 నుంచి జీతం లేని కార్యకర్తలే పట్టాలు సరిచేసి, బండ్లు నడిపి, టికెట్లు అమ్మారు. స్వచ్ఛంద కార్యకర్తలు నిలబెట్టిన మొదటి రైల్వేగా ప్రపంచ చరిత్రలో దానికి చోటుంది. ఇవాళ బ్రిటన్ పాత రైల్వేల్లో ఇరవై వేలకు పైగా అలాంటి కార్యకర్తలు పనిచేస్తున్నారు. వాళ్ళ శ్రమకు కూలి కడితే అక్కడ చాలా మార్గాలు లాభంలో ఉండవు. ఈ మాట కటువుగా ఉన్నా పాత రైల్వేల లెక్కల పుస్తకం చెప్పేది అదే.

ఆ వ్యవస్థ కూడా ఇప్పుడు ఒడిదుడుకుల్లో ఉంది. మొదటి దెబ్బ బొగ్గుది. వేల్స్‌లో ఫోస్ ఇ ఫ్రాన్ గని 2023 నవంబరులో మూతపడింది. ఆవిరి ఇంజన్లకు పనికొచ్చే బొగ్గుకు అది ముఖ్యమైన ఆధారం. ఇప్పుడు విదేశాల నుంచి ఓడలో తెప్పించుకోవాలి. రెండో దెబ్బ బాయిలర్లది. అమెరికాలో 1995లో గెటిస్‌బర్గ్ దగ్గర ఒక ఆవిరి ఇంజన్ బాయిలర్‌లో నీళ్ళు తగ్గి ప్రమాదం జరిగాక నిబంధనలు బిగించారు. 2000 నుంచి ఆ దేశంలో ఆవిరి ఇంజన్ 1,472 రోజులు పనిచేసినా, పదిహేనేళ్ళు గడిచినా, ఏది ముందొస్తే అప్పుడు బాయిలర్ మొత్తం విప్పాలి. లోపలి గొట్టాలన్నీ బయటకు లాగాలి. రేకు ఎక్కడ ఎంత మందం మిగిలిందో ధ్వని తరంగాలతో కొలిచి లెక్క రాయాలి. ఆ పని తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు, ఉన్నవాళ్ళ కూలి పెరుగుతోంది. బీమా ఖర్చు దానికి తోడు. 2021లో వేల్స్‌లోని లాంగోలెన్ రైల్వేను నడిపే కంపెనీ అప్పుల్లో మునిగి రిసీవర్ల చేతికి వెళ్ళింది. అక్కడి కార్యకర్తల ట్రస్టు బాధ్యత తీసుకుని బండ్లు మళ్ళీ నడిపింది.

ఈ ఖర్చుల కంటే లోతైన చిక్కు మనుషుల వయసు. ఆవిరి బండ్లు ఊరూరా తిరగడం చూసి పెరిగిన తరం ఇప్పుడు డెబ్బయ్యో ఎనభయ్యో దాటింది. ఇంట్లో చిన్న పట్టాలు పరిచి, బొమ్మ రైళ్ళు కచ్చితమైన కొలతలతో తయారు చేసుకునే అభిరుచి కూడా అదే తరానిది. బర్మింగ్‌హామ్‌లో వార్లీ క్లబ్ ఏటా పెట్టిన మోడల్ రైళ్ళ ప్రదర్శన బ్రిటన్‌లో పెద్దవాటిలో ఒకటిగా ఉండేది. 2023 ప్రదర్శన తర్వాత ఇక నిర్వహించలేమని క్లబ్ ప్రకటించింది. బరువు మోసే చేతులు తగ్గిపోయాయి. అమెరికాలో 1934లో అల్ కాల్మ్‌బాక్ మొదలుపెట్టిన మోడల్ రైల్‌రోడర్ పత్రికను, ఆయన పేరుమీద తొంభై ఏళ్ళు నడిచిన సంస్థ 2024లో వేరే ప్రచురణ సంస్థకు అమ్మేసింది. అభిరుచి చచ్చిపోలేదు. దాని చుట్టూ అల్లుకున్న దుకాణాలు, క్లబ్బులు, పత్రికలు, ప్రదర్శనలు మాత్రం కుంచించుకుపోతున్నాయి. వాటి మీద ఆధారపడ్డ పాత రైల్వేలకు కొత్త కార్యకర్తలు దొరకడం కష్టమవుతోంది.

ఎమిరేట్స్‌లో రైలు మీద మోజున్న మనుషుల ఆధారం మొదటి నుంచీ లేదు. డమాస్కస్ నుంచి మదీనా దాకా 1908లో చేరిన హిజాజ్ రైల్వే అరేబియా పడమటి అంచున ఆగిపోయింది. తూర్పు తీరాన ముత్యాల వేట, పడవలు, ఒంటెలు మాత్రమే ఉండేవి. తాత ఫైర్‌మన్‌గానో తండ్రి గార్డుగానో చేసిన కుటుంబాలు అక్కడ లేవు. షెడ్డులో తుప్పు పడుతున్న పాత ఇంజన్ లేదు. దాన్ని బాగుచేయాలన్న కోరికకు తావే లేదు. దేశ జనాభాలో సుమారు పదింట తొమ్మిది వంతులు బయటి దేశాల వాళ్ళు. వాళ్ళలో చాలామంది వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే, కొత్తది దొరక్కపోతే దేశం వదలాల్సిందే. వేల్స్‌లోలా ముప్పై ఏళ్ళపాటు ప్రతి శనివారం అదే పట్టా మీద పనిచేసే మనిషి ఇక్కడ తయారు కావడం కష్టం. ఫొటోలు తీసుకోవడానికి కూడా స్వేచ్ఛ తక్కువ. నిషిద్ధ ప్రాంతాలను, భద్రతా కట్టడాలను కెమెరాలో బంధించడాన్ని చట్టం ఒప్పుకోదు. గూడ్సు బండ్లు తిరిగేది కూడా ఊళ్ళకు దూరంగా, ఇసుక దిబ్బల్లో.

ఇందుకు పూర్తిగా భిన్నమైన దేశం నుంచి వచ్చినవాళ్ళే ఎమిరేట్స్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నారు. భారతీయులకు రైలు రోజువారీ బతుకులో భాగం. గల్ఫ్‌కు బయలుదేరే తెలుగువాళ్ళలో ఎంతోమంది మొదటి మజిలీ రైలే. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి ముంబయి దాకా రైలెక్కి, అక్కడ విమానం పట్టుకున్న తరాలున్నాయి. భారత రైళ్ళ మీద మోజున్నవాళ్ళ సంఘం ఐఆర్ఎఫ్‌సీఏ 1989లో విదేశాల్లో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల చొరవతోనే మొదలైంది. విజయవాడ, సికింద్రాబాద్, విశాఖ స్టేషన్ల చివర ప్లాట్‌ఫారాల మీద నిలబడి, ఏ ఇంజన్ ఏ షెడ్డుదో నంబరు చూసి చెప్పే కుర్రాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. పడమటి దేశాల్లో ముసలిదైపోతున్న ఈ అభిరుచి భారతదేశంలో ఇంకా పడుచుగానే ఉంది. కారణం సులువే. అక్కడ రైలు ఇంకా అందరి బండి.

డబ్బు లెక్కకు వస్తే భారతదేశపు విహార రైళ్ళు కూడా సొంత కాళ్ళ మీద నిలబడినవి కావు. యునెస్కో 1999లో వారసత్వ సంపదగా గుర్తించిన డార్జిలింగ్ రైల్వే, 2005లో ఆ జాబితాలో చేరిన నీలగిరి రైల్వే, రెండింటికీ ఆదాయం ఖర్చులకు చాలదు. లోటును భారతీయ రైల్వే భరిస్తుంది. తెలుగువాళ్ళకు బాగా తెలిసిన అరకు రైలును చూస్తే ఈ సంగతి ఇంకా చక్కగా అర్థమవుతుంది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఉన్న ఆ మార్గాన్ని 1960ల్లో వేసింది అరకు అందాల కోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేరాలి, అక్కడి నుంచి జపాన్‌కు వెళ్ళాలి. తూర్పు కనుమల్లో 58 సొరంగాలు తవ్వడానికి, వంతెనలు కట్టడానికి అయిన ఖర్చును ఖనిజం మోసింది. ఇవాళ్టికీ మోస్తోంది. 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెను రోజూ నడిచే ప్యాసింజరుకు తగిలించారు. ఆ పెట్టె ఆదాయంలోంచి ఒక్క సొరంగం మరమ్మతు కూడా జరగక్కర్లేదు. పని చేసే రైల్వేకు అతిథిగా వచ్చి కూర్చుంది కాబట్టి అది గిట్టుబాటవుతోంది.

ఎమిరేట్స్‌లో కూడా ఇప్పుడు దారి ఇటే మళ్ళింది. 2009లో, అంటే మోనోరైలు తెరిచిన ఏడాదే, ఎతిహాద్ రైల్ సంస్థ ఏర్పడింది. దాని మొదటి దశ 264 కిలోమీటర్లు. అబుదాబి ఎడారిలోని షా, హబ్షాన్ నుంచి రువైస్ రేవు దాకా. అందులో సరుకు గంధకం. షా క్షేత్రంలో భూమి లోంచి వచ్చే సహజవాయువులో దాదాపు నాలుగో వంతు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. దాన్ని విడదీస్తే పసుపుపచ్చని గంధకం గుట్టలు గుట్టలుగా వస్తుంది. దాన్ని గుళికలుగా మార్చి ఓడకెక్కించాలి. లారీలతో అయ్యే పని కాదు. 2016లో వాణిజ్యపరంగా మొదలైన ఈ మార్గంలో ఒక్కో బండి 110 వ్యాగన్లతో 11,000 టన్నుల దాకా లాగింది. ఎండాకాలమైనా, పర్యాటకులు రాకపోయినా, ప్రపంచం కరోనాతో తలుపులు మూసుకున్నా గ్యాసు బావిలోంచి గంధకం వస్తూనే ఉంటుంది. మోనోరైలుకు లేని అదృష్టం అదే. 2023 ఫిబ్రవరిలో సౌదీ సరిహద్దులోని గువైఫాత్ నుంచి తూర్పు తీరంలోని ఫుజైరా దాకా సుమారు 900 కిలోమీటర్ల గూడ్సు మార్గాన్ని జాతికి అంకితం చేశారు. ఆ చివర హజర్ కొండల్ని తొలిచి సొరంగాలు వేశారు.

ప్రయాణికుల బండ్లు దీని మీదే వస్తాయి. గంటకు 200 కిలోమీటర్ల వేగం, ఒక్కో బండిలో సుమారు 400 సీట్లు, అబుదాబి, దుబాయ్, షార్జా, ఫుజైరా వంటి చోట్ల స్టేషన్లు. 2026లో మొదలుపెట్టాలన్నది సంస్థ ప్రకటించిన లక్ష్యం. షార్జాలో అద్దెకుండి దుబాయ్‌లో పనిచేసేవాళ్ళు, అబుదాబికి వారం వారం తిరిగేవాళ్ళు దాన్ని ఆదరిస్తారని ఆశించడానికి గట్టి ఆధారం ఉంది. దుబాయ్ మెట్రోలో 2024లో 27 కోట్లకు పైగా ప్రయాణాలు జరిగాయి. పొద్దున డ్యూటీకి, సాయంత్రం ఇంటికి వెళ్ళే జనంతో వచ్చిన లెక్క అది.

విలాస రైలు ఆలోచన కూడా ఇందులోంచే పుట్టింది. 2023లో ఎతిహాద్ రైల్, ఇటలీకి చెందిన ఆర్సెనాలే సంస్థ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఫుజైరా కొండల నుంచి లీవా ఒయాసిస్ వైపు, అంటే సముద్రపు ఒడ్డు నుంచి పెద్ద ఇసుక దిబ్బల దాకా, 15 పెట్టెల ఖరీదైన బండి నడపాలన్నది ఆలోచన. ఇలాంటి బండ్లకు గిరాకీ తక్కువమందిలోనే ఉంటుంది. ఎమిరేట్స్‌లో హాయిగా తిరగదగిన కాలం నవంబరు నుంచి మార్చి దాకానే. మిగతా ఏడు నెలలు పెట్టెలు షెడ్డులో ఉన్నా సిబ్బంది జీతాలు ఆగవు. ఇటలీలో వేసవి, ఇక్కడ శీతకాలం అని పెట్టెలను రెండు దేశాల మధ్య పంచుకోవడం కూడా కుదరదు, మధ్యలో సముద్రం ఉంది. కానీ పట్టా, సిగ్నలు, కంట్రోల్ రూమ్, మరమ్మతు షెడ్డు, ఇవన్నీ గంధకం, కంటెయినర్లు, రోజువారీ ప్రయాణికులు చెల్లించే డబ్బుతో నడుస్తాయి. విలాస బండి భరించాల్సింది తన పెట్టెల ఖర్చు, వంటవాళ్ళ జీతాలు, దారి అద్దె. గూడ్సు బండ్ల మధ్య దానికి దొరికే వేళలే దాని అసలు పరిమితి అవుతాయి.

రైలు మీద మోజు పుట్టడానికి కావలసిన మనుషులు కూడా ఈ గూడ్సు మార్గం వల్లే తయారవుతున్నారు. లోకో నడిపేవాళ్ళు, సిగ్నలు చూసేవాళ్ళు, వ్యాగన్ల ఇరుసులు తనిఖీ చేసేవాళ్ళు, కంట్రోలర్లు అక్కడ శిక్షణ పొందుతున్నారు. వారిలో ఎమిరాతీ యువతీయువకులూ ఉన్నారు. బ్రిటన్‌లో, భారతదేశంలో పాత ఇంజన్లను కాపాడిన వాళ్ళలో చాలామంది రిటైరైన రైల్వే ఉద్యోగులు, వాళ్ళ పిల్లలు. ఎమిరేట్స్‌లో ఆ మొదటి తరం ఇప్పుడే ఉద్యోగంలో చేరింది.